ట్రయాథ్లాన్ సైకిల్‌కు సరైన ఫ్రేమ్ సైజు ఎంచుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఉంటూ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే పోటీ) సైకిల్ కొనాలనుకునే తెలుగువారికి, ఆ సైకిల్‌ను ముందుగా ఎక్కి చూసుకునే అవకాశం చాలా తక్కువ. అందుకోసం విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్లాలి. వెళ్లినా మీ సైజు ఫ్రేమ్ ఆ రోజు అక్కడ ఉంటుందన్న భరోసా లేదు. అందుచేత చాలామంది ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, లేదా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎవరో అమ్ముతున్న పాత సైకిల్‌ను ఫోటోలు చూసి కొంటారు. ఇంత డబ్బు పెట్టి, తిరిగి ఇవ్వడం కష్టమైన వస్తువును కొంటున్నప్పుడు కొలతలన్నీ ఇంటి దగ్గరే తేల్చుకుని, ఆ తరువాతే డబ్బు చెల్లించాలి. అందుకు కావలసినవి ఒక టేపు, ఒక రసమట్టం, తాపీ మేస్త్రీలు వాడే తూకపు గుండు, ఒక ఫోను, కొంత ఓపిక.

మన సైకిల్ కొట్లలో 22 ఇంచీలా, 24 ఇంచీలా అని అడిగి, ఎత్తును బట్టి సైకిల్ ఇచ్చే అలవాటు ఉంది. మామూలు సైకిల్‌కు అది సరిపోతుంది. ట్రయాథ్లాన్ సైకిల్‌కు మాత్రం ఎత్తు ఒక్కటే చూసి సైజు నిర్ణయించడం ప్రమాదకరం. ఎత్తు 168 సెంటీమీటర్లే ఉన్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి నడుము నుంచి పైభాగం పొడవు కావచ్చు. వాళ్లిద్దరికీ ఒకే ఫ్రేమ్ నప్పదు. పైగా సైజుల పేర్లు ఒక్కో సంస్థకు ఒక్కో తీరుగా ఉంటాయి. సెర్వెలో వారు 48, 51, 54, 56, 58 అని అంకెలు వేస్తే, ట్రెక్ వారు తమ స్పీడ్ కాన్సెప్ట్ అనే ట్రయాథ్లాన్ సైకిల్‌కు ఎస్, ఎం, ఎల్ అని అక్షరాలు వాడతారు. పూర్వం ఈ అంకె సీటు కింది గొట్టం పొడవును తెలిపేది. ఇప్పుడు అది ఒక పేరు మాత్రమే. ఒక సంస్థ 54కూ మరొక సంస్థ 54కూ మధ్య మీ మోచేతులకు తెలిసేంత తేడా ఉంటుంది.

ఈ గందరగోళం నుంచి బయటపడేసే కొలతలు రెండున్నాయి. క్రాంకులు, అంటే పెడళ్లు బిగించే కడ్డీలు, తిరిగే ఇరుసు మధ్యబిందువును బాటమ్ బ్రాకెట్ కేంద్రం అంటారు. ఆ కేంద్రం నుంచి నిట్టనిలువుగా పైకి, హెడ్ ట్యూబు (ఫ్రేమ్ ముందుభాగంలో ఫోర్కు పైభాగం దూరే గొట్టం) పైఅంచు ఎంత ఎత్తున ఉందో ఆ కొలత స్టాక్. అదే కేంద్రం నుంచి అడ్డంగా ముందుకు, హెడ్ ట్యూబు పైఅంచు మధ్యభాగం ఎంత దూరంలో ఉందో ఆ కొలత రీచ్. క్వింటానా రూ సంస్థను స్థాపించిన డాన్ ఎంప్‌ఫీల్డ్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇవాళ దాదాపు ప్రతి సంస్థా తన పట్టికలో ఈ రెండు కొలతలూ ఇస్తుంది. మధ్యస్థ సైజు ట్రయాథ్లాన్ ఫ్రేమ్‌లలో స్టాక్ సాధారణంగా 50 నుంచి 53 సెంటీమీటర్లు, రీచ్ 40 నుంచి 43 సెంటీమీటర్లు ఉంటాయి. సైజు పేరును పక్కన పెట్టి, ఈ రెండు అంకెలతోనే ఫ్రేమ్‌లను పోల్చండి.

ఫ్రేమ్‌ను మోచేతుల స్థానాన్ని బట్టి ఎందుకు ఎంచుకోవాలో తెలియాలంటే ఈ సైకిల్ పుట్టుక కొంత తెలియాలి. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్, అప్పటికే ట్రయాథ్లాన్‌లో వాడుకలో ఉన్న ఏరో బార్ల (మోచేతులకు ప్యాడ్లు ఉండి ముందుకు చాచిన హ్యాండిళ్ల) మీద మోచేతులు ఆనించి తొక్కి, మొత్తం పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచారు. ఆ బార్లను రోడ్డు సైకిల్‌కు బిగించి ముందుకు వంగితే గాలి తాకిడి తగ్గుతుంది కాని, తొడ పైకి వచ్చిన ప్రతిసారీ పొట్టకు తగిలేంతగా తుంటి మూసుకుపోతుంది. అందుకే ట్రయాథ్లాన్ ఫ్రేమ్‌లో సీటును ముందుకు జరిపారు. రోడ్డు సైకిల్‌లో సీటు గొట్టం కోణం సుమారు 73 డిగ్రీలుంటే, ఇక్కడ అది 76 నుంచి 80 డిగ్రీల దాకా ఉంటుంది. శరీరం మొత్తం బాటమ్ బ్రాకెట్ చుట్టూ ముందుకు తిరిగినట్టవుతుంది గనుక, వీపు వంగినా తుంటి కోణం తెరుచుకునే ఉంటుంది. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తవలసిన వారికి ఇది చాలా ముఖ్యం. అంటే ఈ సైకిల్‌లో మోచేతి ప్యాడ్ల స్థానమే అసలైనది. ఆ ప్యాడ్లను ఆ స్థానంలో నిలబెట్టగలిగినదే మీ ఫ్రేమ్.

కొలతల కంటే ముందు, ఏ పోటీకి, ఏ రోడ్డు మీద తొక్కబోతున్నారో నిర్ణయించుకోండి. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 వంటి పోటీలో 90 కిలోమీటర్ల సైకిల్ భాగం ఉంటుంది, ఒకరి వెనుక ఒకరు చేరి గాలి చాటున తొక్కడం నిషేధం. అక్కడ ట్రయాథ్లాన్ సైకిల్ బాగా ఉపయోగపడుతుంది. గుంపుగా తొక్కడానికి అనుమతి ఉన్న పోటీల్లో రోడ్డు సైకిలే ఉండాలి, ట్రయాథ్లాన్ సైకిల్‌ను రానివ్వరు. మీ పోటీ నియమం చదవకుండా కొనకండి. రోడ్డు సంగతి చూస్తే, ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా ఛత్రపురం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి చదునుగా ఉంటుంది. గోపాలపూర్ వైపు సముద్రపు గాలి ఎదురొచ్చినప్పుడు ఏరో స్థితి, అంటే ప్యాడ్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి తొక్కడం, ఎంత మేలు చేస్తుందో అక్కడ తొక్కేవారికి తెలుసు. అదే కొరాపుట్, జయపురం మధ్య ఘాటు రోడ్డు మీదనో, తప్తపాణి దాటిన తరువాతి కొండ దారుల మీదనో మీ సాధన ఎక్కువగా సాగేటట్లయితే, నా అభిప్రాయంలో మంచి రోడ్డు సైకిల్ కొని దానికి ఏరో బార్లు తగిలించుకోవడమే మేలు. మలుపుల్లో చేతులు బ్రేకుల మీదే ఉండాలి, బ్రేకులేమో ప్యాడ్ల దగ్గర ఉండవు.

ఇక కొలతలకు రండి. చెప్పులు లేకుండా, సైక్లింగ్ నిక్కరు వేసుకుని గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య ఒక జానెడు ఎడం ఉంచి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం వెన్ను గోడకు లంబంగా ఉందో లేదో ఇంకొకరు చూడాలి. నేల నుంచి పుస్తకం పైఅంచు వరకు ఉన్నది మీ కాలి లోపలి కొలత. మూడుసార్లు కొలిచి మధ్య అంకెను తీసుకోండి. దీన్ని 0.883తో హెచ్చిస్తే, బాటమ్ బ్రాకెట్ కేంద్రం నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం సుమారుగా వస్తుంది. కాలి కొలత 79 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 69.8 సెంటీమీటర్లు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోకుండా 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగిలేటట్టు తరువాత సరిచేసుకోవాలి.

క్రాంకు పొడవునూ ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే అది సీటు ఎత్తును, దాని ద్వారా ప్యాడ్ల ఎత్తును మారుస్తుంది. 172.5 మిల్లీమీటర్ల క్రాంకుకు బదులు 165 వేస్తే పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు అంత పైకి లేవదు, తుంటి మరింత తెరుచుకుంటుంది. అయితే అడుగున పెడలు 7.5 మిల్లీమీటర్లు పైకి వచ్చినట్టే గనుక సీటును అంత మేరకు పైకెత్తాలి. మధ్యరకం ఎత్తు, అంతకంటే తక్కువ ఎత్తు ఉన్నవారికి పొట్టి క్రాంకులే మంచివని నా గట్టి నమ్మకం.

ఆ తరువాతిదే అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని: మీ ఏరో స్థితిని కనుక్కోవడం. ట్రయాథ్లాన్ సైకిల్ లేకుండానే దీన్ని చేయవచ్చు. మీ దగ్గరున్న గేర్ల సైకిల్‌నో, స్నేహితుల సైకిల్‌నో ట్రైనర్ స్టాండు (సైకిల్‌ను ఉన్నచోటే నిలిపి తొక్కనిచ్చే స్టాండు) మీద నిలిపి, రసమట్టంతో రెండు చక్రాలూ ఒకే మట్టంలో ఉండేటట్టు ముందు చక్రం కింద చెక్క పెట్టండి. తగిలించుకునే ఏరో బార్లు బిగించండి. సీటును పట్టాల మీద చివరి వరకు ముందుకు జరపండి. చాలకపోతే సీటు పోస్టును వెనక్కి తిప్పి బిగిస్తే ఇంకొంత ముందుకు వస్తుంది. 69.8 సెంటీమీటర్ల సీటు ఎత్తుకు లెక్క కడితే, 73 డిగ్రీల కోణంలో సీటు మధ్యభాగం బాటమ్ బ్రాకెట్‌కు 20.4 సెంటీమీటర్లు వెనుక ఉంటుంది, 78 డిగ్రీలలో 14.5 సెంటీమీటర్లే ఉంటుంది. దాదాపు 6 సెంటీమీటర్లు ముందుకు రావాలన్నమాట. ముందుకు జరిగినకొద్దీ సీటు కాస్త పైకి లేపుతూ, బాటమ్ బ్రాకెట్ నుంచి దాని దూరం మారకుండా చూసుకోండి.

ఫోనును మీ తుంటి ఎత్తులో, సుమారు 3 మీటర్ల దూరంలో, సరిగ్గా పక్కవాటుగా నిలబెట్టి వీడియో తీయించండి. భుజం, మోచేయి, తుంటి, మోకాలు, మడమల దగ్గర రంగు టేపు ముక్కలు అతికిస్తే కోణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొండానికీ పైచేతికీ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. మోచేయి దగ్గర 90 నుంచి 100 ఉంటే బాగుంటుంది. పైచేయి స్తంభంలా బరువును నేరుగా ప్యాడ్ల మీదికి దింపాలి గాని, భుజం కండరాలు శరీరాన్ని మోస్తూ ఉండకూడదు. ప్యాడ్లు మరీ ముందుకుంటే మీరు చాచుకుపోయి సీటు కొసకు జారుతారు. మరీ వెనుక ఉంటే మోకాళ్లు మోచేతులకు దగ్గరై, భుజాలు చెవుల వైపు ముడుచుకుపోతాయి. ఎత్తు విషయంలో, సీటు పైభాగం కంటే ప్యాడ్లు 5 సెంటీమీటర్లు కిందికి ఉండేటట్టు మొదలుపెట్టి, కొద్దికొద్దిగా దించండి. తొడ పొట్టను నెట్టడం మొదలైనా, ముందున్న రోడ్డును చూడటానికి మెడ బలవంతంగా ఎత్తవలసి వచ్చినా, అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రండి. కొత్తవారు 5 నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర, నాలుగైదేళ్లుగా తొక్కుతున్నవారు 8 నుంచి 12 దగ్గర స్థిరపడటం సాధారణం. ఇంతకంటే కిందికి దిగినవారి ఫోటోలు చూసి ఆశపడకండి. ఆ స్థితిలో వాళ్లు ఎన్నేళ్లు సాధన చేశారో ఫోటోలో కనిపించదు.

స్థితి కుదిరిందనిపించాక పరీక్షించండి. పోటీలో తొక్కే ఒత్తిడితో 20 నిమిషాల పాటు ప్యాడ్ల మీద నుంచి లేవకుండా తొక్కి, వెంటనే బూట్లు మార్చుకుని 10 నిమిషాలు పరుగెత్తండి. నడుము పట్టేసినా, తుంటి ముందుభాగం బిగుసుకున్నా ప్యాడ్లు పైకి లేపవలసిందే. వారం రోజుల్లో మూడు నాలుగుసార్లు ఇలా చేసి చూస్తేనే నమ్మదగిన స్థితి తేలుతుంది. ఈ ఊళ్లలో వేసవి ఉక్కను దృష్టిలో పెట్టుకుని ఈ పని తెల్లవారుజామున, ఫ్యాను ముందు చేయడం మంచిది.

ఇప్పుడు ఆ స్థితిని అంకెల్లోకి దించాలి. ప్యాడ్ పైభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, అందులోంచి బాటమ్ బ్రాకెట్ కేంద్రం ఎత్తును తీసివేస్తే ప్యాడ్ స్టాక్ వస్తుంది. ప్యాడ్ మధ్య నుంచి తూకపు గుండును వేలాడదీసి, ఆ దారం నుంచి బాటమ్ బ్రాకెట్ కేంద్రానికి అడ్డంగా కొలిస్తే ప్యాడ్ రీచ్ వస్తుంది. కొన్ని సంస్థలు ప్యాడ్ మధ్య నుంచి కాక వెనుక అంచు నుంచి కొలుస్తాయి గనుక, వారి పట్టికతో పోల్చేటప్పుడు ఆ సంగతి చూసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పైన చెప్పిన 79 సెంటీమీటర్ల కాలి కొలత గల మనిషికి ప్యాడ్ స్టాక్ 60, ప్యాడ్ రీచ్ 43 సెంటీమీటర్లుగా తేలిందనుకోండి. హెడ్ ట్యూబు పైఅంచు మీద మూత, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క), హ్యాండిల్, దాని మీద ప్యాడ్ అన్నీ కలిసి, మధ్యలో స్పేసర్లు (ఎత్తు పెంచే ఉంగరాలు) ఏవీ లేకపోయినా, సుమారు 8.5 సెంటీమీటర్ల ఎత్తు అవుతాయనుకుందాం. ఈ అంకె హ్యాండిల్ రకాన్ని బట్టి మారుతుంది. స్టాక్ 49.5, రీచ్ 40 ఉన్న ఫ్రేమ్‌లో ప్యాడ్లు అతి తక్కువగా 58 దగ్గర ఉంటాయి. 2 సెంటీమీటర్ల స్పేసర్లు వేస్తే 60 వస్తుంది. పొడవుకు వస్తే, 8 సెంటీమీటర్ల స్టెమ్ వేసి, ప్యాడ్లు హ్యాండిల్ కంటే 5 సెంటీమీటర్లు వెనుక ఉంటే 40కి 8 కలిపి 5 తీసివేయగా 43 వస్తుంది. సరిగ్గా కావలసినదే. స్పేసర్లు స్టెమ్ కింద వేస్తే హెడ్ ట్యూబు వాలు వల్ల ప్రతి సెంటీమీటరుకూ హ్యాండిల్ సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. దాన్ని ప్యాడ్లను ముందుకు జరిపి సరిచేసుకోవచ్చు. ఇదే మనిషి స్టాక్ 52 ఉన్న పైసైజు ఫ్రేమ్ తీసుకుంటే, స్పేసర్లు ఒక్కటీ లేకుండానే ప్యాడ్లు 60.5 దగ్గర ఆగిపోతాయి. ఇవాళ కావలసిన స్థితికే అది చాలదు, ఏడాది సాధన తరువాత ఇంకా వంగగలిగినా ప్యాడ్లను దించే దారి ఉండదు.

రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారికి చిన్నదే తీసుకోమని అందరూ చెబుతారు. చాలాసార్లు అది నిజమే, ఎత్తు పెంచడానికి స్పేసర్లున్నాయి, ఫ్రేమ్‌ను కుదించడానికి ఏమీ లేదు. కాని ఆ మాటకు హద్దుంది. 5, 6 సెంటీమీటర్ల స్పేసర్లు వేసి, 11 సెంటీమీటర్ల పైన స్టెమ్ బిగిస్తేనే మీ స్థితి కుదురుతుందంటే, ఆ ఫ్రేమ్ మీకు చిన్నది. బరువు ముందు చక్రం మీద ఎక్కువగా పడటం వల్ల గాలికి సైకిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. లారీలు పక్కనుంచి దూసుకుపోయే హైవే మీద ఇది భద్రతకు సంబంధించిన విషయం. మరొక జాగ్రత్త: ఖరీదైన నమూనాల్లో స్టెమ్, హ్యాండిల్, ప్యాడ్లు కలిపి ఒకే ముక్కగా వస్తాయి. వాటిలో మామూలు స్టెమ్ మార్చడం కుదరదు. అలాంటి సైకిల్‌కు సంస్థ ఇచ్చే ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్ హద్దులు చూసి, మీ అంకెలు ఆ హద్దుల మధ్యలో పడే సైజును ఎంచుకోండి.

ఎత్తు 160 సెంటీమీటర్ల లోపు ఉన్నవారు, ముఖ్యంగా మహిళలు, ఇంకొక సంగతి గమనించాలి. చిన్న ఫ్రేమ్‌కు 700సి చక్రాలుంటే, మలుపు తిప్పేటప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగలవచ్చు. పాత సైకిళ్లలో దీనికోసం అంతకంటే చిన్నవైన 650సి చక్రాలు వాడేవారు. అవి శరీరానికి బాగానే నప్పుతాయి, కాని ఆ సైజు టైర్లూ ట్యూబులూ మన ఊళ్ల కొట్లలో దొరుకుతాయని ఆశించలేం. ఆన్‌లైన్‌లో నాలుగు జతలు ముందే తెప్పించి పెట్టుకోగలిగితేనే ఆ సైకిల్ కొనండి.

పాత సైకిల్ కొంటున్నట్లయితే అమ్మేవారు చెప్పిన సైజును నమ్మకుండా కొలిపించండి. వెనుక చక్రాన్ని గోడకు ఆనించి, సైకిల్‌ను నిటారుగా నిలబెట్టమనండి. గోడ నుంచి హెడ్ ట్యూబు పైఅంచు మధ్యభాగానికి ఉన్న దూరంలోంచి, గోడ నుంచి బాటమ్ బ్రాకెట్ కేంద్రానికి ఉన్న దూరాన్ని తీసివేస్తే రీచ్. నేల నుంచి ఆ రెండింటి ఎత్తుల తేడా స్టాక్. తరువాత ఫోర్కు పైన ఉండే స్టీరర్ గొట్టం ఎంత మిగిలి ఉందో, స్టెమ్ కింద ఎన్ని స్పేసర్లున్నాయో ఫోటో అడగండి. పాత యజమాని దాన్ని కురచగా కోయించి ఉంటే, స్టాక్ ఎంత బాగా కుదిరినా మీరు స్టెమ్‌ను పైకి లేపలేరు. ఈ సైకిళ్ల సీటు పోస్టులను కూడా చాలామంది తమ ఎత్తుకు కోయిస్తారు. లోపల ఉండవలసిన కనీస పొడవు పోగా మీ సీటు ఎత్తు అందుతుందో లేదో తేల్చుకోండి. కార్బన్ ఫ్రేమ్‌లో సీటు బిగింపు దగ్గర, బాటమ్ బ్రాకెట్ చుట్టూ పగుళ్లున్నాయేమో వెలుతురులో తీసిన వీడియో చూడనిదే బయానా ఇవ్వవద్దు.

సైకిల్ ఇంటికి చేరాక, మీరు రాసిపెట్టుకున్న అంకెల ప్రకారమే మొదట బిగించండి: సీటు ఎత్తు, సీటు ముందువెనుకలు, ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్, ఈ వరుసలోనే. బిగింపును మామూలు స్పానరుతో అందాజాగా చేయించకండి. కార్బన్ భాగాలకు ఎంత బిగింపు పట్టాలో వాటి మీదే రాసి ఉంటుంది, స్టెమ్ మరలకు అది తరచుగా 5 న్యూటన్ మీటర్లు. ఆ కొలత చూపించే టార్క్ రెంచి మీ ఊరి మెకానిక్ దగ్గర లేకపోతే మీరే ఒకటి కొని ఇవ్వండి. స్టీరర్ గొట్టాన్ని మొదటి రెండు నెలలు కోయించకుండా, మిగిలిన స్పేసర్లను స్టెమ్ పైన ఉంచి తొక్కండి. ఆ రెండు నెలల్లో ఒకటి రెండుసార్లైనా 60 కిలోమీటర్లకు తగ్గకుండా తొక్కి, దిగిన వెంటనే పరుగు తీశాకే ప్యాడ్ల ఎత్తును ఖాయం చేయండి.